టెన్నిస్ సందేహాలు – సమాధానాలు: గొడవలు, అవి మిగిల్చిన నిబంధనలు

ప్రశ్న: వింబుల్డన్‌లో ఇస్నర్, మహు ఆడిన మ్యాచ్ చివరి సెట్ 70-68 అని ఎక్కడో చదివి అచ్చుతప్పు అనుకున్నాను. నిజమేనా? నిజమైతే ఇప్పుడూ అలా జరగొచ్చా?

జవాబు: అచ్చుతప్పు కాదండీ. 2010 జూన్ 22న 18వ నంబరు కోర్టులో మొదలైన తొలి రౌండ్ మ్యాచ్ అది. చీకటి పడి రెండుసార్లు ఆగి, 24న ముగిసింది. ఇస్నర్ 6-4, 3-6, 6-7, 7-6, 70-68తో గెలిచాడు. మొత్తం 11 గంటల 5 నిమిషాల ఆటలో ఐదో సెట్ ఒక్కటే 8 గంటల 11 నిమిషాలు పట్టింది.

అప్పట్లో వింబుల్డన్ చివరి సెట్‌కు టై బ్రేక్ (గేమ్‌లు సమమైతే పాయింట్ల లెక్కతో సెట్ తేల్చే ఆఖరి గేమ్) లేదు. ఎవరికో ఒకరికి రెండు గేమ్‌ల ఆధిక్యం వచ్చేదాకా ఆడాల్సిందే. ఆ ఆధిక్యం రావాలంటే ఎదుటివాడి సర్వీసును ఒక్కసారైనా బ్రేక్ చేయాలి, అంటే అతను సర్వీస్ చేసే గేమ్‌ను గెలవాలి. ఇస్నర్ 113 ఏస్‌లు (ఎదుటివాడి రాకెట్‌కు అందని సర్వీసులు), మహు 103 ఏస్‌లు కొడుతుంటే ఎవరు ఎవర్ని బ్రేక్ చేస్తారు? రెండో సెట్ రెండో గేమ్‌లో మహు బ్రేక్ చేశాక వరసగా 168 గేమ్‌లు సర్వీస్ చేసినవాళ్లే గెలుచుకున్నారు. ఆ తర్వాతి గేమ్‌తోనే మ్యాచ్ ముగిసింది. స్కోరుబోర్డు 47-47 దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే దాని ప్రోగ్రాములో అంతకు మించి లెక్క లేదు. ఇంకో సంగతి: ఆడిన 980 పాయింట్లలో ఓడిపోయిన మహుకే 502 వచ్చాయి. 2019 ఫైనల్లో ఫెదరర్‌దీ ఇదే గతి. జొకోవిచ్‌కు 204 పాయింట్లు వస్తే, ఫెదరర్ 218 గెలిచి కప్పు పోగొట్టుకున్నాడు.

ఇక ఇప్పటి సంగతి. 2018 సెమీఫైనల్లో అదే ఇస్నర్ ఆండర్సన్‌తో 26-24 దాకా ఆడి ఓడాడు. ఆ మరుసటి ఏడే వింబుల్డన్ 12-12 దగ్గర టై బ్రేక్ పెట్టింది. 2022 నుంచి నాలుగు గ్రాండ్ స్లామ్‌లకూ ఒకే నిబంధన: చివరి సెట్ 6-6 అయితే 10 పాయింట్ల టై బ్రేక్. మొదటివాడు ఒక పాయింటుకు సర్వీస్ చేస్తాడు, అక్కడినుంచి చెరో రెండు పాయింట్లు. ప్రతి 6 పాయింట్లకు వైపులు మారతారు. 10కి చేరడమే కాదు, 2 పాయింట్ల తేడా కూడా ఉండాలి. కాబట్టి టై బ్రేక్ సాగొచ్చు గానీ, 70వ గేమ్ అన్న మాట ఇక పుట్టదు. ఆట పరంగా ఇది అవసరమైన మార్పే. అన్ని గంటలు ఆడిన ఇస్నర్ తర్వాతి మ్యాచ్‌లో డి బాకర్ చేతిలో 6-0, 6-3, 6-2తో చిత్తుగా ఓడాడు. గెలిచినవాడికి తర్వాతి రౌండ్ ఆడే ఓపిక మిగలకపోతే ఆ గెలుపు దేనికి?

ప్రశ్న: 2018 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సెరెనాకు ఒక గేమ్ మొత్తం కోత పెట్టారు. మాట తూలినందుకు గేమే తీసేయొచ్చా?

జవాబు: ముందుగా ఒక చిన్న సవరణ. సెరెనా గెలిచిన గేమ్‌ను తీసేయలేదు. ఆడని గేమ్‌ను ప్రత్యర్థి ఒసాకా ఖాతాలో వేశారు. శిక్షలకు మెట్లున్నాయి: మొదటి తప్పుకు హెచ్చరిక, రెండోదానికి పాయింటు, మూడోదానికి గేమ్. ఆ తర్వాత చేసే తప్పులకు మ్యాచ్ నుంచే పంపేయాలా అన్నది రిఫరీ నిర్ణయం. తప్పులు ఒకే రకానివి కానక్కర్లేదు, అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఆ రోజు రెండో సెట్ మొదట్లో కోచ్ గ్యాలరీ నుంచి సైగ చేశాడని చైర్ అంపైర్ కార్లోస్ రామోస్ హెచ్చరించాడు. 3-2 దగ్గర సెరెనా రాకెట్ విరగ్గొట్టింది. దాంతో ఒసాకా తర్వాతి గేమ్‌ను 15-0తో మొదలుపెట్టింది. 4-3 దగ్గర సెరెనా అంపైర్‌ను దొంగ అంది. మూడో మెట్టు, స్కోరు 5-3 అయింది. ఒసాకా 6-2, 6-4తో గెలిచింది. సెరెనాకు పడ్డ జరిమానా 17,000 డాలర్లు. సైగ చేసిన మాట నిజమేనని కోచ్ ఆ రోజే ఒప్పుకున్నాడు. కోచ్‌లు అందరూ చేసే పనికి హెచ్చరిక ఇవ్వడం అన్యాయమన్న వాదనలో బలం ఉంది. 2025 నుంచి నిబంధనలే కోర్టు బయటి కోచింగ్‌ను అనుమతిస్తున్నాయి మరి. కానీ రెండు, మూడు మెట్లలో అంపైర్ తప్పు మాకు కనబడదు.

మెట్ల లెక్క తెలియక మునిగినవాడు మెకన్రో. 1990 ఆస్ట్రేలియన్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో పెర్న్‌ఫోర్స్‌పై 2-1 సెట్లతో ముందున్నాడు. లైన్ జడ్జిని (బంతి గీత లోపల పడిందో బయట పడిందో చెప్పే మనిషిని) గుడ్లురిమి చూసినందుకు హెచ్చరిక, రాకెట్ నేలకేసి కొట్టినందుకు పాయింటు. మూడోది గేమ్ అనుకుని సూపర్‌వైజర్‌పై నోరు పారేసుకున్నాడు. ఆ ఏడాదికి నాలుగు మెట్లను మూడుకు కుదించారని, మూడో మెట్టే బహిష్కరణ అని అతనికి తెలియదు!

తీవ్రత ఎక్కువైతే మెట్లతో పనే లేదు. 2020 యూఎస్ ఓపెన్‌లో కారెనో బుస్టా తన సర్వీస్ బ్రేక్ చేశాక జొకోవిచ్ చూడకుండా వెనక్కి కొట్టిన బంతి లైన్ జడ్జి గొంతుకు తగిలింది. కావాలని కొట్టలేదని అందరూ ఒప్పుకున్నారు. అయినా నేరుగా పంపేశారు. నిర్లక్ష్యంగా కొట్టి మనిషిని గాయపరిస్తే ఉద్దేశం ఏమిటన్నది అడ్డురాదు.

ప్రశ్న: ‘స్పగెట్టీ రాకెట్’ అనేది ఒకటి ఉండేదట, దాన్ని నిషేధించారట. అందులో ఏముంది? ఇప్పటి రాకెట్లూ బంతిని విపరీతంగా తిప్పుతున్నాయి కదా, వీటిని ఎందుకు ఒప్పుకుంటున్నారు?

జవాబు: చాలా మంచి ప్రశ్న. ఇప్పటి ఆట ఇలా ఎందుకుందో అర్థం కావాలంటే ఆ రాకెట్ గురించి తెలియాలి.

మామూలు రాకెట్‌లో నిలువు తీగలు, అడ్డ తీగలు నవారు మంచం అల్లినట్టు ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి వెళ్తాయి. జర్మనీకి చెందిన వెర్నర్ ఫిషర్ ఈ అల్లికనే తీసేశాడు. నిలువు తీగలను రెండు వరసలుగా కట్టి, మధ్యలో ఐదారు అడ్డ తీగలను అల్లకుండా ఊరికే పోనిచ్చాడు. నిలువు తీగలకు సన్నని ప్లాస్టిక్ గొట్టాలు తొడిగాడు. పేరు ఆ గొట్టాల వల్లే వచ్చింది.

బంతి తగలగానే నిలువు తీగలన్నీ కలిసి పక్కకు జారతాయి. బంతి తీగల మీద ఉండేది సెకనులో 200వ వంతు, అటూ ఇటూగా. ఆ లోపే తీగలు వెనక్కి ఎగిరివచ్చి బంతిని పక్కనుంచి తోస్తాయి. దాంతో టాప్ స్పిన్, అంటే బంతి ముందుకు దొర్లినట్టు తిరగడం, విపరీతంగా పెరుగుతుంది. పైగా బంతి తగిలిన చప్పుడు మెత్తగా ఉంటుంది. ఎంత బలంగా కొట్టాడో చెవితో పసిగట్టే అలవాటున్న ప్రత్యర్థికి ఆ ఆధారమూ పోతుంది.

1977 యూఎస్ ఓపెన్‌లో ఫిష్‌బాక్ అనే అనామకుడు దీంతో మాజీ చాంపియన్ స్టాన్ స్మిత్‌ను ఓడించాడు. కొద్ది వారాలకే ఫ్రాన్స్‌లోని ఎక్స్-అన్-ప్రొవాన్స్ ఫైనల్లో నస్టాసే ఇదే రాకెట్ పట్టాడు. ఎదురుగా విలాస్. క్లే (మట్టి) కోర్టు మీద వరసగా 53 మ్యాచ్‌లు గెలిచి ఉన్నాడు. 6-1, 7-5తో రెండు సెట్లు పోయాక విలాస్ ఇక ఆడనని వెళ్లిపోయాడు. అంతర్జాతీయ సమాఖ్య ఆ అక్టోబరులోనే తాత్కాలిక నిషేధం పెట్టి, 1978లో మొట్టమొదటిసారి రాకెట్‌కు నిర్వచనం రాసింది. అంతవరకు రాకెట్ ఎలా ఉండాలో నిబంధనల్లో ఒక్క ముక్క లేదు!

ఆ నిర్వచనం ప్రకారం తీగలు కలిసే ప్రతి చోటా ఒకదాని పైనుంచి ఒకటి అల్లుకోవాలి, లేదా అతుక్కుని ఉండాలి. మధ్యలో అల్లిక పలచబడకూడదు. ఇప్పుడు కొలతలకూ హద్దులున్నాయి: మొత్తం పొడవు 73.7 సెంటీమీటర్లు మించకూడదు, తీగల భాగం 39.4 పొడవు, 29.2 వెడల్పు దాటకూడదు. అదురు తగ్గించే రబ్బరు బిళ్లను కూడా తీగలు అడ్డంగా కలుసుకునే భాగానికి బయటే పెట్టాలి.

మీ రెండో ప్రశ్నకు జవాబు: జారి వెనక్కి రావడం నిషిద్ధం కాదు, అల్లిక లేకపోవడమే నిషిద్ధం. పాలియెస్టర్ తీగ నున్నగా, గట్టిగా ఉంటుంది. అల్లికలో ఉండి కూడా జారి, తనంతట తాను తిరిగి చోటుకు వస్తుంది. 1997లో కుయెర్టన్ ఇలాంటి తీగలతోనే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక అందరూ అటు మళ్లారు. పాత మ్యాచ్‌ల వీడియోల్లో ఆటగాళ్లు పాయింటుకూ పాయింటుకూ మధ్య వేళ్లతో తీగలు సర్దుకోవడం గమనించండి. ఆ తీగలు పక్కకు జరిగి అక్కడే ఉండిపోయేవి. మీ పాలియెస్టర్ తీగలూ అలా సర్దాల్సి వస్తోందంటే, రాపిడికి గాడులు పడ్డాయన్నమాట. తెగకపోయినా మార్చేయండి, ఆ తీగ ఇక స్పిన్ ఇవ్వదు.

ప్రశ్న: మోనికా సెలెస్ కత్తిపోటు తర్వాత ఆమె ర్యాంకును ఎందుకు కాపాడలేదు?

జవాబు: 1993 ఏప్రిల్ 30, హాంబర్గ్. మలీవాపై 6-4, 4-3తో ముందుండి, విరామంలో కుర్చీలో కూర్చుంది సెలెస్. స్టెఫీ గ్రాఫ్ మళ్లీ నంబర్ వన్ కావాలని ఒక ఉన్మాది వెనకనుంచి వీపులో పొడిచాడు. ఆమెకు అప్పటికి 19 ఏళ్లు, 8 గ్రాండ్ స్లామ్‌లు. ర్యాంకును స్తంభింపజేయాలన్న ప్రతిపాదన వస్తే తోటి అగ్రశ్రేణి క్రీడాకారిణులు ఒప్పుకోలేదు. ఓటు వేయకుండా తప్పుకున్నది సబాటిని ఒక్కతే. మహిళల టెన్నిస్ చరిత్రలో మమ్మల్ని ఎక్కువ బాధపెట్టే నిర్ణయం ఇది. ఒక నేరగాడు కోరుకున్న ఫలితాన్ని ఆట తన చేతులతో తానే ఇచ్చింది. దోషికి పడింది రెండేళ్ల సస్పెండెడ్ (జైలుకు పంపకుండా నిలిపి ఉంచే) శిక్ష మాత్రమే. సెలెస్ జర్మనీలో మళ్లీ ఆడలేదు.

1995 ఆగస్టులో తిరిగొచ్చినప్పుడు గ్రాఫ్‌తో పాటు సంయుక్తంగా నంబర్ వన్ ఇచ్చారు. 1996లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, అదే ఆఖరి స్లామ్. విరామంలో ఆటగాళ్ల వెనక నిలబడి, ఆట వైపు కాకుండా జనం వైపు చూసే భద్రతా సిబ్బంది ఆ రోజు మిగిల్చిన ఏర్పాటే.

ప్రశ్న: ఫ్రెంచ్ ఓపెన్‌లో అంపైర్ దిగివచ్చి మట్టిలో ముద్ర చూస్తాడు. కెమెరాలుండగా ఇదెందుకు?

జవాబు: మట్టి మీద బంతి ముద్ర పడుతుంది కాబట్టి. 2025లో వింబుల్డన్ కూడా లైన్ జడ్జిలను తీసేసింది గానీ, ఫ్రెంచ్ ఓపెన్ మాత్రం ఆ ఏడూ వాళ్లతోనే నడిచింది. పద్ధతి ఇది: సందేహం రాగానే ఆట ఆపి అడగాలి. ఆడేసి, పాయింటు పోయాక అడిగితే కుదరదు. అంపైర్ సరైన ముద్రను గుర్తించి, దానికీ గీతకూ మధ్య ఎడం ఉందా అని చూస్తాడు. ఎడం లేకపోతే బంతి లోపల పడినట్టే. ముద్ర తేలకపోతే మొదటి తీర్పే నిలుస్తుంది. ముద్రను కాలితో చెరిపేస్తే తీర్పును ఒప్పుకున్నట్టే.

చిక్కేమిటంటే ముద్ర కూడా పూర్తి సాక్ష్యం కాదు. బంతి గీత అంచుకు రాసుకుని మట్టిలోకి జారితే ముద్ర గీతకు అవతల మాత్రమే కనబడొచ్చు. పొడి మట్టిలో పెద్దదిగా, తడి మట్టిలో చిన్నదిగా పడుతుంది. అందుకే కెమెరాకూ ముద్రకూ పొంతన కుదరక గొడవలొస్తాయి. 2025లో మాడ్రిడ్‌లో జ్వెరెవ్ ముద్రను ఫోన్‌తో ఫొటో తీసి హెచ్చరిక తెచ్చుకున్నాడు. అలాగని కెమెరాలు తప్పు చేయవని కాదు. అదే ఏడు వింబుల్డన్‌లో పావ్లుచెంకోవా, కార్టల్ మ్యాచ్‌లో కోర్టు ఒకవైపు కెమెరా వ్యవస్థను పొరపాటున ఆపేసి ఉంచారు. బయట పడ్డ బంతికి ‘అవుట్’ అన్న తీర్పు రాక, పాయింటు మళ్లీ ఆడించారు.

ముద్ర చూడ్డానికి ప్రత్యర్థి వైపు మాత్రం వెళ్లకండి. 1999 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో గ్రాఫ్‌పై 6-4, 2-0తో ముందున్న హింగిస్ నెట్ దాటి వెళ్లి ఒక పాయింటు శిక్ష తెచ్చుకుంది. జనమంతా ఎదురుతిరిగారు. చివరికి 4-6, 7-5, 6-2తో ఓడింది.

ప్రశ్న: చేతిని కిందనుంచి ఊపి సర్వీస్ చేయడం నిబంధనలకు విరుద్ధమా?

జవాబు: కాదు. బంతిని చేత్తో ఏ దిక్కుకైనా వదలొచ్చు, అది నేలను తాకేలోపు కొట్టాలి, అంతే. 1989 ఫ్రెంచ్ ఓపెన్‌లో 17 ఏళ్ల చాంగ్ కాళ్లు పట్టేసి నిలబడలేని స్థితిలో, లెండిల్‌పై ఐదో సెట్‌లో 4-3, 15-30 దగ్గర ఇలాగే కొట్టి ఆ పాయింటు, గేమ్, మ్యాచ్ గెలిచాడు. ఆ పోటీ విజేత కూడా అతనే. మీరూ కొట్టొచ్చు. కాకపోతే ఎదుటివాడు సిద్ధంగా లేనప్పుడు కొడితే, అతను బంతిని ఆడే ప్రయత్నం చేయకపోతే ఆ సర్వీస్ చెల్లదు, మళ్లీ వేయాలి.