కార్తీకంలో తేలికపడిన కడుపు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నాకు 41 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఏడాదిన్నరగా మధ్యాహ్నం భోజనమైన గంటకల్లా కడుపు ఉబ్బరిస్తోంది. సాయంత్రం ఇంటికి చేరేసరికి లంగా బొందు వదులు చేసుకుంటే గాని ఊపిరి ఆడదు. చివరి పీరియడ్‌కి నిలబడి బోర్డు మీద రాసే ఓపిక కూడా ఉండటం లేదు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ, అమెరికాలో ఉన్న వాళ్లమ్మాయి చెప్పిందని 30 రోజుల డైట్ మొదలుపెట్టింది. అన్నం, గోధుమలు, పప్పులు, పాలు, పెరుగు, పంచదార, బెల్లం అన్నీ బంద్. పదో రోజుకే హుషారు వచ్చిందంటోంది. నాకూ చేయాలని ఉంది. మా అత్తగారేమో "పప్పూ పెరుగూ లేకుండా నెల రోజులు ఏం తింటావమ్మా" అని కంగారు పడుతున్నారు. రోజూ రెండు కాఫీలు తాగుతాను, రాత్రిళ్లు చపాతీలు తింటాను. నెలసరి ఆరు రోజులు, ఎక్కువగానే అవుతుంది. ఇంకో మాట. పోయిన కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి, చేపలు, గుడ్లు మానేశాం. ఆ నెలంతా ఉబ్బరం బాగా తగ్గింది. తర్వాత మళ్లీ మామూలే. ఈ డైట్ నేను చేయవచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన సంగతిని చివర్న "ఇంకో మాట" అంటూ రాశారు. తెలియకుండానే మీరు సగం పరీక్ష చేసేశారు. నెల రోజులు కొన్ని మానారు, తగ్గింది. పోలి పాడ్యమి దాటాక మళ్లీ తిన్నారు, తిరిగొచ్చింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంత శ్రద్ధగా గమనించినవాళ్లు తక్కువ.

అయితే ఆ నెలలో మీరు మానినవి ఒకటి కాదు. ఉల్లి, వెల్లుల్లి మానారు. చేపలు మానారంటే చేపల పులుసులోని నూనె, మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద కూడా మానినట్టే. సోమవారాలు ఉపవాసాలుంటే రాత్రి తిండి కూడా తగ్గి ఉంటుంది. వీటిలో నాకు ముందుగా అనుమానం ఉల్లి, వెల్లుల్లి మీదే. వాటిలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి. మనుషులెవరికీ అవి చిన్న పేగులో అరగవు. పెద్ద పేగుకి చేరాక అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి, గ్యాస్ పుడుతుంది. కొందరి పేగులు ఆ గ్యాస్‌ని లెక్కచేయవు, కొందరివి తట్టుకోలేవు. గోధుమల్లోనూ ఇవే ఉంటాయి. పాలలోని లాక్టోజ్, కందిపప్పు, శనగల్లోని కొన్ని చక్కెరలు కూడా ఇదే కుటుంబం. వీటన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్‌లు అంటారు. వీటిని కొన్నాళ్లు తగ్గించి, ఒక్కొక్కటే తిరిగి తిని చూసే పద్ధతి మీద ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ వాళ్లు 2005 నుంచి పనిచేస్తున్నారు. చికాకు పేగు జబ్బు (ఐబీఎస్: తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల్లో తేడా) ఉన్నవాళ్లకి డాక్టర్లు ఇప్పుడు సూచిస్తున్నది ఎక్కువగా దీన్నే.

మీ స్నేహితురాలు చేస్తున్నది, మీరు చెప్పిన జాబితాను బట్టి, 2009లో అమెరికాలో మొదలైన హోల్30 లాగా ఉంది. అందులో ధాన్యాలు, పప్పులు, పాలు, చక్కెర, మద్యం అన్నీ 30 రోజులు ఆపేస్తారు. ఆపాక ఒక్కొక్క రకాన్నే తిరిగి పెట్టి చూడాలని ఆ పద్ధతిలోనే ఉంది. మనవాళ్లు ఆ రెండో భాగాన్ని వదిలేసి మొదటిదే పట్టుకుంటున్నారు. ఆమెకు హుషారు వచ్చిందంటే నేను నమ్ముతాను. సాయంత్రం మిక్చరు, బేకరీ పఫ్‌లు, మూడు పూటలా పంచదార టీ మానితే ఎవరికైనా రావచ్చు. అంతమాత్రాన కందిపప్పు తప్పు చేసిందని తేలదు. మీకు ఈ డైట్ వద్దంటున్నాను. ధాన్యాలూ పప్పులూ రెండూ తీసేస్తే చేపలూ గుడ్లూ కూరగాయలతో మూడు పూటలు గడపాలి. స్కూలు, ఇల్లు, అత్తగారి వంట అన్నీ చూసుకునే మనిషికి అది వారం తిరగకముందే భారమవుతుంది. పైగా మీకు రక్తం తక్కువగా ఉందేమోనని నా భయం.

అందుకే ఏదీ మానకముందు రక్తపరీక్షలు చేయించుకోండి. ఉబ్బరం వేరు, నీరసం వేరు. రెండింటికీ ఒకటే కారణం కావాలని లేదు. ఆరు రోజులు ఎక్కువగా నెలసరి అవుతుందని రాశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. మీది 9 ఉందనుకోండి, ఏ డైట్ చేసినా చివరి పీరియడ్‌కి ఓపిక రాదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, బి12, షుగర్ చూపించుకోండి. వీటితో పాటు సీలియాక్ జబ్బుకి, అంటే గోధుమల్లోని గ్లూటెన్ వల్ల చిన్న పేగు దెబ్బతినే జబ్బుకి, చేసే టీటీజీ రక్తపరీక్ష కూడా అడగండి. ఇది గోధుమలు తింటూ ఉండగానే చేయించుకోవాలి. మానేసిన కొన్ని వారాలకి జబ్బు ఉన్నా పరీక్షలో కనిపించకుండా పోవచ్చు. ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, నొప్పితో రాత్రిళ్లు మెలకువ వస్తున్నా డైట్ సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్ని కలవండి. రోజూ ఉబ్బరం ఉంటూ నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంటే పొత్తికడుపు స్కానింగ్ గురించి కూడా అడగాలి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పదకొండేళ్ల క్రితం నాకూ ఇదే ఉబ్బరం. అప్పటికే నేను ఆహారం గురించి సలహాలిచ్చే ఈ వృత్తిలో ఉన్నాను. గోధుమలు పడటం లేదని నిశ్చయించుకుని ఎనిమిది నెలలు చపాతీ ముట్టలేదు. పెళ్లిళ్లలో పూరీ వద్దన్నాను, ప్రయాణాల్లో ఆకలితో ఉన్నాను. కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు. చివరికి నాకు చదువు చెప్పిన మేడమ్ ఒక్క ప్రశ్న అడిగారు: "మళ్లీ తిని చూశావా?" చూడలేదు. ఆ ఆదివారం నుంచి మూడు రోజులు చపాతీలు తిన్నాను, ఏమీ కాలేదు. తర్వాతి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పరగడుపున ఒక గ్లాసు పాలు తాగి, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదీ ఇరవైకి బొడ్డు చుట్టూ గుడగుడలు మొదలయ్యాయి. పదింటికి పొట్ట డోలు అయింది. చపాతీతో పాటు రాత్రిపూట తాగే పాలు కూడా మానాను కాబట్టి ఆ కాస్త తగ్గింది, పగలు తాగే కాఫీలు మానలేదు కాబట్టి పూర్తిగా తగ్గలేదు. ఎనిమిది నెలలు నేను తప్పు మనిషిని బోనులో నిలబెట్టాను. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను: మానడం సులువు. తిరిగి తిని చూసినప్పుడే జవాబు దొరుకుతుంది.

ఇక మీ నెల. మూడింటినే అనుమానించండి: ఉల్లి–వెల్లుల్లి, పాలు, గోధుమలు. నెలసరి ముందు చాలామందికి మామూలుగానే పొట్ట ఉబ్బుతుంది కాబట్టి అది అయిపోయిన మర్నాడు మొదలుపెట్టండి. పరీక్ష పేపర్లు దిద్దే రోజులు, ఇంట్లో శుభకార్యం ఉన్న వారం వద్దు. మొదలుపెట్టడానికి వారం ముందు నుంచే ఏం తిన్నారు, ఎన్నింటికి ఉబ్బరించింది, సున్నా నుంచి పదిలో ఎంత అని రాయండి. లెక్కల టీచర్‌కి నేను చెప్పాలా.

మొదటి 14 రోజులు మూడూ మానండి. అన్నం, ఇడ్లీ, రాగి సంగటి, జొన్నరొట్టె మీవే. గుడ్లు, చేపలు మీవే. వంకాయ, బెండకాయ, టమాటా, క్యారెట్, అరటికాయ, బంగాళదుంప వండుకోండి. పండ్లలో బొప్పాయి, నారింజ తినండి. మామిడి, యాపిల్, పుచ్చకాయ ఈ రోజుల్లో వద్దు. పెరుగు పూర్తిగా మానక్కర్లేదు. పాలలోని లాక్టోజ్‌ని తోడు కొంత తినేస్తుంది కాబట్టి బాగా తోడుకున్న పెరుగు ఒక చిన్న కప్పు వేసుకోండి. కందిపప్పుని నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి ఉడికించండి. పల్చగా చారులాగా, రోజుకి ఒక గరిటె. పప్పు లేకపోతే ఎలా అన్న మీ అత్తగారి కంగారులో న్యాయముంది. మాంసం అరుదుగా తినే ఇళ్లలో పప్పే బలం.

వంటలో రెండు చోట్ల జాగ్రత్త. పులుసులో ఉల్లిపాయ వేసి, తినేటప్పుడు ముక్కలు పక్కన పెడితే లాభం లేదు. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, పులుసులోకి దిగిపోతాయి. నూనెలో మాత్రం కరగవు. వెల్లుల్లి రెబ్బలు నూనెలో ఎర్రగా వేయించి, రెబ్బలు తీసి పారేసి, ఆ నూనెతో తాలింపు పెట్టుకోవచ్చు. వాసన ఉంటుంది, ఉబ్బరం రాదు. రెండోది ఇంగువ. ఈ రోజే వంటింట్లో మీ ఇంగువ డబ్బా తీసుకుని వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. చాలా బ్రాండ్లలో గోధుమపిండో మైదానో కలుస్తుంది. అసలు ఇంగువ ఘాటు ఎక్కువ కాబట్టి పిండితో కలిపి అమ్ముతారు. చిటికెడు ఇంగువతో మీకు ఉబ్బరం రాదు. కానీ సీలియాక్ పరీక్షలో జబ్బు ఉందని వస్తే ఆ చిటికెడు కూడా పనికిరాదు, బియ్యప్పిండి కలిపినది వెతుక్కోవాలి. సేమియా, బొంబాయి రవ్వ కూడా గోధుమలేనని మరిచిపోకండి.

కాఫీ ఒక్కసారిగా మానితే రెండో రోజుకి తలనొప్పి వస్తుంది. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయని కొందరు సంబరపడతారు. అది కెఫీన్ మానిన తలనొప్పి, అంతే. పాలు లేకుండా పల్చని డికాక్షన్ తాగండి. అదీ భోజనానికి గంట అటూ ఇటూ. అన్నంతో పాటు కాఫీ, టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

పదిహేనో రోజు నుంచి అసలు పని. ఒక్కొక్కదానికి ఆరు రోజులు: మూడు రోజులు కొద్దికొద్దిగా పెంచుతూ తినడం, మూడు రోజులు మళ్లీ ఆపడం. పాలు మొదటి రోజు పావు గ్లాసు, రెండో రోజు సగం, మూడో రోజు నిండా. గోధుమలు ఒక చపాతీ, రెండు, మూడు. ఉల్లిపాయ వేయించినది ఒక చెంచా, రెండు చెంచాలు, సగం ఉల్లిపాయ. వెల్లుల్లిని తర్వాత విడిగా చూసుకోవచ్చు. బాగా ఇబ్బంది పెడితే అక్కడే ఆపి, కడుపు నెమ్మదించాక తర్వాతిదానికి వెళ్లండి. మూడింటికి 18 రోజులు. మొత్తం 32. మధ్యలో నెలసరి వస్తే ఆ రోజులు పరీక్ష ఆపి, తర్వాత కొనసాగించండి.

ఉల్లిపాయే అని తేలినా జన్మంతా మానక్కర్లేదు. చెంచా వరకు పడుతుంది, సగం ఉల్లిపాయ పడదు అని తేలితే చెంచాతో సరిపెట్టుకోండి. ఈ మూడూ ఏమీ చేయలేదని తేలితే, ఆ నోట్‌బుక్ పట్టుకుని పొట్ట డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రెండు నెలల తర్వాత ఏం తేలిందో నాకు తప్పకుండా రాయండి. రక్తం రిపోర్టు సంగతి మాత్రం అంతకన్నా ముందే రాయండి.

ప్రశ్న: నాకు 56. షుగర్ తొమ్మిదేళ్లుగా ఉంది, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. అన్నం, రొట్టె పూర్తిగా మానే 30 రోజుల డైట్ రేపటినుంచి మొదలుపెడుతున్నాను. మందులు మామూలుగా వేసుకోవచ్చా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: రేపు మొదలుపెట్టకండి, దయచేసి. గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా షుగర్‌ని కిందికి దింపుతుంది. అన్నం మానేసి అదే మోతాదు వేసుకుంటే 70 కన్నా దిగువకి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక, ఒక్కోసారి స్పృహ తప్పడం. బండి నడిపేటప్పుడు అలా జరిగితే ఏమిటి పరిస్థితి? ముందు మీ డాక్టర్ని కలిసి ఏ పూట ఎంత తగ్గించి తినాలనుకుంటున్నారో చెప్పండి, మందు మోతాదు ఆయన మారుస్తారు. మీ అంతట మీరు మందు ఆపడం కూడా తప్పే. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఇలాంటి డైట్లు సొంతంగా చేయకూడదు.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. తరచూ కడుపునొప్పి అంటోంది. ఒక ల్యాబ్‌లో 7 వేలు పెట్టి ఫుడ్ ఇంటాలరెన్స్ రక్తపరీక్ష చేయించాం. పాలు, గుడ్లు, వేరుశనగలు, టమాటా కలిపి 42 పదార్థాలు పడవని వచ్చింది. మూడు వారాలుగా అన్నీ ఆపాం. పాప బరువు కిలోన్నర తగ్గింది. ఇంకెన్ని రోజులు ఆపాలి?
– ఒక తల్లి, రాజమండ్రి

జవాబు: ఆ రిపోర్టు మీద ఐజీజీ అని ఉందేమో చూడండి. ఐజీజీ అనేది మనం తిన్న పదార్థాన్ని ఒళ్లు గుర్తుపట్టిందని చెప్పేది. పాప రోజూ గుడ్డు తింటే గుడ్డుకి ఐజీజీ ఉండటం మామూలే. అది జబ్బు కాదు. ఈ పరీక్ష చూసి ఆహారం మానవద్దని అమెరికా, కెనడా, ఐరోపా అలర్జీ నిపుణుల సంఘాలు స్పష్టంగా చెప్పాయి. నిజమైన అలర్జీకి చూసేది ఐజీఈ. అదీ తిన్నాక ఏం జరిగిందో డాక్టర్ అడిగి తెలుసుకున్న తర్వాతే చేయించాలి. ఎదిగే పిల్లకి కిలోన్నర తగ్గడం చిన్న విషయం కాదు. ఇదే వారంలో పిల్లల డాక్టర్‌కి చూపించండి. మలబద్ధకం, నులిపురుగులు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, స్కూల్లో ఏదైనా టెన్షన్, వీటిని ముందు చూడాలి. ఇంతకుముందు తిని ఏ ఇబ్బందీ పడని అన్నం, పప్పు, కూరగాయలు ఈ పూటే పెట్టండి. గతంలో తిన్నప్పుడు దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, ఆగని వాంతులు వచ్చినవి ఏవైనా ఉంటే మాత్రం ఇంట్లో పెట్టి చూడకండి. అవి డాక్టర్ ఎదుటే.