పన్నెండేళ్ల అమ్మాయి ప్రతి బంతినీ బాదేస్తుంటే ఆపాలా?

మీరు ఒక్క ప్రశ్నే అడిగినట్టున్నా అందులో రెండున్నాయండీ. పద్దెనిమిదేళ్లు కూడా నిండని అమ్మాయిలు మహిళల టెన్నిస్‌లో పెద్ద పేర్లను బలంతో పడగొట్టడం ఈమధ్య వచ్చిన మార్పేనా అన్నది ఒకటి. పన్నెండేళ్ల మీ అమ్మాయి ప్రతి బంతినీ శక్తికొద్దీ కొడుతుంటే, కోచ్ గారు "ఇప్పుడు టెన్నిస్ అంటే ఇదే" అంటున్నారు, ఆ మాట వినాలా అన్నది రెండోది. నేను హైదరాబాద్‌లో జూనియర్ టోర్నమెంట్లు ఆడి, చెప్పుకోదగ్గ ర్యాంకేదీ రాకుండానే మానేశాను. ఇప్పుడు పొద్దున పిల్లలకు ఆట నేర్పుతూ, సాయంత్రం రాకెట్లకు గట్టింగ్ వేస్తూ, అంటే తీగలు బిగిస్తూ ఉంటాను. అందుకని నా జవాబులో తీగల గోల కాస్త ఎక్కువగా ఉంటుంది, భరించండి.

మొదటిదానికి జవాబు తేలిక: కొత్త కాదు. నాకు టెన్నిస్ పిచ్చి పట్టించిన మోనికా సెలెస్‌నే తీసుకోండి. యుగోస్లావియాలోని నోవీసాద్‌లో పుట్టిన ఈ అమ్మాయి 1990లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచినప్పుడు వయసు 16 ఏళ్ల 6 నెలలు. ఫైనల్లో ఎదురుగా ఉన్నది అప్పటి నంబర్ వన్ స్టెఫీ గ్రాఫ్. మొదటి సెట్ 6-6 అయ్యాక దాన్ని తేల్చే టై బ్రేక్‌లో గ్రాఫ్ 6-2తో ముందుంది, చేతిలో నాలుగు సెట్ పాయింట్లు, ఒక్కటి గెలిచినా సెట్ ఆమెదే. ఆ వయసు పిల్లలు అలాంటి చోట బంతిని ఎలాగోలా అవతలికి తోసి దేవుడికి దండం పెట్టుకుంటారు. సెలెస్ వరుసగా ఆరు పాయింట్లు తీసుకుని సెట్ గెలిచింది, తర్వాతి సెట్ 6-4. అంతకు కొన్ని వారాల ముందు బెర్లిన్‌లో గ్రాఫ్ వరుస విజయాలను 66 దగ్గర ఆపిందీ ఈమే.

ఆమె అప్పటికి సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. కండలేమీ లేవు. ఎడమచేతి వాటం, ఫోర్‌హ్యాండ్‌కీ బ్యాక్‌హ్యాండ్‌కీ రెండు చేతులూ వాడేది. అసలు కిటుకు నిలబడే చోటులో ఉంది. బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) మీదే, ఒక్కోసారి దానికి లోపలే నిలబడి, బంతి నేలను తాకి పైకి లేస్తుండగానే కొట్టేసేది. రెండు మీటర్లు వెనక నిలబడి, బంతి పూర్తిగా లేచి దిగేదాకా ఆగి కొట్టేవాళ్లతో పోలిస్తే ఆ బంతి ఎంతో ముందుగా అవతల వాలుతుంది. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అది భుజబలంలా కనిపిస్తుంది. అవతలి కోర్టులో ఉన్నవాళ్లకు కాళ్లు సర్దుకునే వ్యవధి ఉండదు, అంతే.

ఇది నేను టీవీలో చూసి తెలుసుకున్న సంగతి కాదు. అండర్-14లో నాకంటే జానెడు పొట్టిగా ఉండే అమ్మాయితో ఆడాను. నా రాకెట్ ఇంకా వెనక్కి వెళుతూనే ఉండేది, బంతి పక్కనుంచి వెళ్లిపోయేది. ఆట అయ్యాక చేయి కలిపితే ఆమె అరచెయ్యి నా దానికన్నా మెత్తగా ఉంది! మ్యాచ్ తర్వాత మా నాన్నగారు "నీకు తిండి చాలడం లేదు" అని తేల్చారు. చాలామంది తల్లిదండ్రులు ఇప్పటికీ అక్కడే ఆగిపోతారు.

అయితే ఈ తరహా ఆట చిన్న వయసువాళ్లకే ఎందుకు ఎక్కువగా కలిసివస్తుంది? అమ్మాయిలు పదిహేను, పదహారేళ్లకే దాదాపు పూర్తి ఎత్తుకు వస్తారు. అబ్బాయిలకు ఇంకా సమయం పడుతుంది. పురుషుల టెన్నిస్‌లో పదహారేళ్ల గ్రాండ్‌స్లామ్ (ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్, యూఎస్ ఓపెన్లు, వింబుల్డన్) విజేతలు దొరకకపోవడానికి ఇదొక కారణం. మరొకటి ర్యాంకింగ్ పద్ధతి. పాయింట్లు 52 వారాల లెక్కన నడుస్తాయి. నిరుడు ఇదే టోర్నమెంట్ గెలిచినామె ఈసారి వాటిని కాపాడుకోవాలి. కొత్తగా వచ్చిన పిల్లకు పోగొట్టుకునేందుకు ఏమీ ఉండదు. పైగా ఆమె ఎక్కడికి సర్వీస్ చేస్తుందో, ఒత్తిడిలో ఏ షాట్ తడబడుతుందో ఎదుటివాళ్లకు తెలియదు. ఏడాది తిరిగేసరికి అందరికీ తెలిసిపోతుంది. నేనెప్పుడూ ఒక అమ్మాయి రెండో ఏడాది ఆట చూశాకే ఆమె గురించి మాట్లాడతాను.

సెలెస్ గెలిచిన ఆ 1990లోనే ఫ్లోరిడాలో జెన్నిఫర్ కాప్రియాటి పద్నాలుగు నిండకముందే ప్రొఫెషనల్‌గా దిగి మొదటి టోర్నమెంట్‌లోనే ఫైనల్ చేరింది. ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ కూడా ఆడింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ఫైనల్లో గ్రాఫ్‌ను ఓడించి స్వర్ణం తెచ్చుకుంది. మరుసటి ఏడాదికే ఆటకు దూరమైంది, 1994లో అరెస్టు దాకా వెళ్లింది. మళ్లీ నిలదొక్కుకుని 2001లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్లు గెలవడం ఆమె గొప్పతనం. ఆమెను అంత చిన్న వయసులో అన్ని మ్యాచ్‌లకు తిప్పినవాళ్ల గొప్పతనం మాత్రం కాదు. ఆ తర్వాతే, 1995 నుంచి, మహిళల టెన్నిస్ సంఘం వయసు నిబంధన తెచ్చింది. పద్దెనిమిది నిండేదాకా ఏ వయసులో ఏడాదికి ఎన్ని టోర్నమెంట్లు ఆడవచ్చో పరిమితి ఉంటుంది. మన దగ్గర జిల్లా స్థాయి పిల్లలకు అలాంటి కట్టడి వేసేవాళ్లు లేరు. ఆ పని తల్లిదండ్రులే చేయాలి.

వీనస్, సెరీనా విలియమ్స్ అక్కచెల్లెళ్ల గురించి ఎంత రాసినా తరగదు గానీ, మీకు పనికొచ్చే సంగతి ఒక్కటే చెబుతాను. తండ్రి రిచర్డ్ విలియమ్స్ కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో మునిసిపల్ కోర్టుల మీద వాళ్లకు ఆట నేర్పాడని అందరికీ తెలుసు. ఆయన వాళ్లను చిన్నప్పుడే జూనియర్ టోర్నమెంట్ల నుంచి తప్పించాడన్నది చాలామంది మరిచిపోతారు. పన్నెండేళ్ల వయసులో కప్పులు కూడబెట్టే పని వాళ్లకు లేకపోయింది. కప్పుల కోసం ఆడే పిల్లలు బంతిని లోపల ఉంచడం నేర్చుకుంటారు, ఎందుకంటే ఆ వయసులో గెలిపించేది అదే. వీళ్లు మాత్రం తప్పులు పోతున్నా పూర్తి ఊపుతో కొట్టడం నేర్చుకున్నారు. 1997 యూఎస్ ఓపెన్ ఫైనల్లో పదిహేడేళ్ల వీనస్‌ను బలంకన్నా తెలివితో ఆడే పదహారేళ్ల మార్టినా హింగిస్ 6-0, 6-4తో ఓడించింది. అప్పుడు తెలివి గెలిచిందని పత్రికలు మురిసిపోయాయి. రెండేళ్లకు అదే కోర్టులో పదిహేడేళ్ల సెరీనా చేతిలో హింగిస్ ఫైనల్ పోగొట్టుకుంది. ఆ తర్వాత హింగిస్‌కు సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్ మళ్లీ దొరకలేదు.

ఇక్కడ మీ కోచ్ గారు "చూశారా" అంటారు. ఆయన మాట సగం నిజం. మిగతా సగం హైదరాబాద్‌లోనే ఉంది.

2005 జనవరిలో సానియా మీర్జా ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌లో సెరీనాతో ఆడి 1-6, 4-6తో ఓడింది. ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. వయసు పద్దెనిమిది. ఆ ఫైనల్ రోజు నేనూ జనంలో ఉన్నాను. రెండో సెట్ చేజారినప్పుడు చుట్టూ గొంతులు పడిపోయాయి, ఆమె ఫోర్‌హ్యాండ్ మాత్రం పడిపోలేదు. మార్చిలో దుబాయ్‌లో యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను వరుస సెట్లలో ఓడించింది. ఆ ఏడాది వేసవి శిబిరాల్లో ఊరంతా పిల్లలు ఆ ఫోర్‌హ్యాండే కొట్టేవాళ్లు, చివరి క్షణంలో మణికట్టును ఝళిపించి మరీ. కోచ్‌లు తలలు పట్టుకున్నారు.

సానియా మణికట్టుకే 2008లో శస్త్రచికిత్స జరిగింది. అంతకుముందు ఏడాది ఆమె సింగిల్స్ ర్యాంకు 27 దాకా వెళ్లింది, తర్వాత ఎప్పుడూ అంత పైకి రాలేదు. సర్వీస్ కూడా ఫోర్‌హ్యాండ్ స్థాయికి ఎదగలేదు. ఆమె అభిమానిగా ఆ మాట అనడానికి నాకు కష్టమే. 2013లో సింగిల్స్ వదిలి డబుల్స్‌కు మళ్లింది. అక్కడ ఆమెకు దొరికిన జోడీ ఎవరనుకున్నారు, హింగిస్! సింగిల్స్‌లో బలం ముందు ఓడిన హింగిస్ నెట్ దగ్గర, సింగిల్స్‌లో బలం ఒక్కటే సరిపోని సానియా వెనక ఫోర్‌హ్యాండ్‌తో. 2015 వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ వాళ్లవే. వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. నాకు ఇష్టమైన టెన్నిస్ కథ ఏదంటే ఇదే చెబుతాను.

ఇప్పటి పిల్లల సంగతికి వస్తే, 2025 ఒక్క ఏడాదిలోనే చూడండి. పదిహేడేళ్ల మీరా ఆంద్రేయెవా దుబాయ్, ఇండియన్ వెల్స్ టోర్నమెంట్లు వెంటవెంటనే గెలిచింది. ఆగస్టులో పద్దెనిమిదేళ్ల విక్టోరియా ఎంబోకో మాంట్రియల్‌లో నలుగురు గ్రాండ్‌స్లామ్ విజేతలను దాటుకుంటూ, ఫైనల్లో నవోమీ ఒసాకాను ఓడించి టైటిల్ పట్టుకుపోయింది. ఆ ఏడాది మొదట్లో ఆమె ర్యాంకు 300కు అవతల. మన కోయంబత్తూరు అమ్మాయి మాయా రాజేశ్వరన్ పదిహేనేళ్లకు ముంబై ఓపెన్ సెమీస్ చేరింది. గట్టిగా కొట్టడం వీళ్లందరికీ వచ్చు. అది ఇప్పుడు ఈ ఆటలో అడుగుపెట్టడానికి కనీసార్హత.

వీళ్లను వెనక్కి లాగేది ఎక్కువగా రెండో సర్వీస్, అంటే మొదటి సర్వీస్ తప్పితే దొరికే రెండో అవకాశం. అదీ తప్పితే డబుల్ ఫాల్ట్. కోకో గాఫ్ పదిహేనేళ్లకు వింబుల్డన్‌లో వీనస్‌ను ఓడించింది, పందొమ్మిదికి యూఎస్ ఓపెన్ గెలిచింది. ఆ ఫైనల్లో తనకన్నా బలంగా కొట్టే అరీనా సబలెంకా బంతులన్నిటికీ పరుగెత్తి తిప్పికొట్టే గెలిచింది సుమా, బాది కాదు. మరుసటి ఏడాది అదే చోట నాలుగో రౌండ్‌లో 19 డబుల్ ఫాల్టులు చేసి ఇంటికి వెళ్లింది. సబలెంకా కథ ఇంకా విచిత్రం. 2022లో ఆమె డబుల్ ఫాల్టులు 400 దాటాయి. శరీర కదలికల నిపుణుడు గావిన్ మెక్‌మిలన్‌ను పెట్టుకుని సర్వీస్‌ను మళ్లీ మొదటినుంచి కట్టుకుంది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. అప్పటికి వయసు 24. 2025లో గాఫ్ కూడా అదే మనిషిని వెతుక్కుంటూ వెళ్లింది. ఫోర్‌హ్యాండ్ కాస్త బలహీనంగా పడినా తర్వాతి బంతికి సర్దుకోవచ్చు, రెండో సర్వీస్ తప్పితే పాయింటే పోతుంది. బలంగా కొట్టే పిల్లలు దాన్ని నెమ్మదిగా తోయడమో, మొదటిదానిలాగే బాదడమో చేస్తారు. రెండూ ముంచుతాయి. బంతిని కిందినుంచి పైకి రుద్దుతూ, పూర్తి ఊపుతోనే, నెట్‌కు బాగా ఎత్తున పంపడం నేర్చుకోవాలి. దీనికి నెలలు పడుతుంది, కప్పులేమీ రావు.

ఇక నా గట్టింగ్ బల్ల సంగతి. 1997 ఫ్రెంచ్ ఓపెన్‌ను బ్రెజిల్ ఆటగాడు గుస్తావో కుర్టెన్ పాలియెస్టర్ తీగతో గెలిచాక, కొన్నేళ్లలో ప్రొఫెషనల్ ఆట అంతా అటు మళ్లింది. ఆ తీగ బిరుసుగా ఉంటుంది. గట్టిగా కొట్టినప్పుడు పక్కకు జారి వెంటనే చోటికి వచ్చేస్తుంది, ఆ కదలికతో బంతికి విపరీతమైన స్పిన్ వస్తుంది. అందుకే ఎంత బలంగా కొట్టినా బంతి వంగి లోపలే పడుతుంది. ఇప్పటి అమ్మాయిలు అంత ధైర్యంగా ఊపడానికి ఈ తీగ ఒక పెద్ద కారణం. కానీ అది అలా జారాలంటే రాకెట్ వేగం చాలా ఎక్కువగా ఉండాలి. పన్నెండేళ్ల చేతికి అంత వేగం రాదు. స్పిన్ రాకపోగా అదురు మాత్రం మోచేతికి, భుజానికి చేరుతుంది.

పైగా పాలియెస్టర్ త్వరగా తెగదు, ముందే సాగే గుణం పోయి చచ్చిపోతుంది. తెగలేదు కదా అని నెలల తరబడి అలాగే ఆడిస్తారు. ఒకాయన పదకొండేళ్ల కూతురి రాకెట్ తెచ్చి, ఏదో వీడియోలో చూశానని, పాలియెస్టర్ 58 పౌండ్లకు బిగించమన్నారు (తీగ బిగువును పౌండ్లలో చెబుతాం). నేను వేయనన్నాను. ఆయన వేరేచోట వేయించుకున్నారు, నా బేరం పోయింది. అయినా మళ్లీ ఎవరడిగినా నా జవాబు అదే.

కాబట్టి మీ అమ్మాయిని కొట్టనివ్వండి. ఊపు తగ్గించమని ఎవరు చెప్పినా వినకండి, పన్నెండేళ్లకు పోగొట్టుకున్న ఆ ఊపు పదహారేళ్లకు తిరిగి రాదు. కోచ్ గారిని మాత్రం ఒకటి అడగండి: వారంలో రెండో సర్వీస్‌కు ఎంత సమయం ఇస్తున్నారు? "అది తర్వాత చూద్దాం" అంటే నేనైతే కంగారు పడతాను. టోర్నమెంట్లు నెలకు ఒకటి చాలు. భుజమో మణికట్టో నొప్పి అంటే ఆరోజు రాకెట్ ముట్టనివ్వకండి, రెండు మూడు రోజులకు తగ్గకపోతే వైద్యుడికి చూపించండి. గట్టింగ్ నైలాన్ రకం మెత్తని తీగతో, 48 పౌండ్ల చుట్టుపక్కల చాలు, తెగినా తెగకపోయినా మూడు నాలుగు నెలలకోసారి మార్పించండి.

ఇప్పుడు ఆమె రాకెట్‌లో ఏ తీగ ఉందో, ఎన్ని పౌండ్లకు బిగించారో, రాకెట్ బరువెంతో కింద రాయండి. బరువు ఫ్రేమ్ లోపలి వైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూస్తే మార్చవలసినదేమైనా ఉందో లేదో చెబుతాను.