నడక, తిండి సరే, చెవుల సంగతి?

"అరవై దాటాక బాగుండాలంటే తిండి, వ్యాయామం కాకుండా ఇంకేం చూసుకోవాలి?" అని అడిగారు. నా జవాబు: చెవులు.

మా నాన్నగారికి 74 ఏళ్లు. బీపీ, షుగర్ కంట్రోల్‌లోనే ఉంటాయి. తెల్లారకుండానే కాలవగట్టు మీద నడిచొస్తారు. ఇంకేం కావాలి అనుకునేవాళ్లం. మూడేళ్ల కిందట భీమవరంలో మేనకోడలి పెళ్లి. మా అక్క మామగారు "షుగర్ ఎలా ఉంది బావగారూ?" అని అడిగితే, నాన్న "మొన్న ఆదివారమే వచ్చాం" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆయన లేచి వెళ్లి జనరేటర్ పక్కన కుర్చీ వేసుకున్నారు. బంతిలో విస్తరి మీంచి తల ఎత్తలేదు. ఫొటోకి పిలిస్తే రాలేదు.

మతిమరుపు మొదలైందని ఇంట్లో అందరికీ టెన్షన్. ఈఎన్‌టీ డాక్టరు పరీక్ష చేసి మతికేమీ కాలేదు, వినికిడే తగ్గిందన్నారు. వయసుతో ముందు పోయేది సన్నని శబ్దాలట. స, త, క లాంటివి చెదిరిపోతాయి. మాట వినపడుతుంది, అర్థం కాదు. మనం అరిస్తే లాభం లేదు, ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పాలి. బ్యాంకు కౌంటర్లో అద్దం వెనక నుంచి గొణిగేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల బృందం డిమెన్షియాకు, అంటే మతి క్షీణించే జబ్బుకు, మనం సరిదిద్దుకోగల కారణాల్లో వినికిడి లోపాన్నీ చేర్చింది. నాకైతే ఆశ్చర్యం లేదు. మాటలు అందని మనిషి నలుగురిలోంచి లేచిపోతాడు, మెదడుకు పని ఉండదు. కళ్లజోడుకు లేని నామోషీ చెవి మిషన్‌కు ఎందుకో! చిరుధాన్యాల గురించి గంటలు మాట్లాడేవాళ్లు కూడా దీని ఊసెత్తరు.

మిషన్ తెచ్చిన మొదటి వారం నాన్న దాన్ని బీరువాలో పడేశారు. ఫ్యాను, గిన్నెలు, అన్నీ గోలేనన్నారు. అమ్మ పట్టు వదల్లేదు. పొద్దున పేపరు చదివేటప్పుడు ఒక గంట, తర్వాత రెండు గంటలు, అలా నెల పట్టింది. ఇప్పుడు సాయంత్రమైతే రావిచెట్టు అరుగు మీద చేరి, వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర గురించి చీకటి పడేదాకా వాదిస్తున్నారు.