చైనా వైద్యులు జబ్బుకు కారణం ఎలా కనుక్కుంటారు? రోగిని ఆసుపత్రికి ఎప్పుడు పంపాలి?

సంప్రదాయ చైనా వైద్యంలో పరీక్ష నాలుగు విధాలు: చూడటం, వినడంతో పాటు వాసన గమనించడం, అడగడం, నాడి పట్టడం. నాలుక చాపమని రంగు, పైన పేరుకున్న పూత, అంచున పళ్ల గుర్తులు చూస్తారు. ఒక్కో మణికట్టు మీద మూడు వేళ్లు మూడు చోట్ల ఆనించి నాడి తీరు పసిగడతారు.

కారణాలను మూడు తరగతులుగా చేసి 1174లో చెన్ యాన్ అనే చైనా వైద్యుడు గ్రంథం రాశాడు. గాలి, చలి, తేమ లాంటివి బయటివి. కోపం, దుఃఖం, భయం లోపలివి. తిండి, గాయాలు, విషజంతువుల కాట్లు వేరే. ఇది ఆయుర్వేదంలోని వాత పిత్త కఫాల లెక్క కాదు.

అయితే ‘తేమ చేరింది’ అన్న మాట కణితి ఉందో లేదో చెప్పదు. నా దృష్టిలో అసలైన నైపుణ్యం ఇక్కడే తెలుస్తుంది. నడుము నొప్పితో వచ్చిన మనిషి మూత్రం సరిగా రావడం లేదని, తొడల మధ్య స్పర్శ తెలియడం లేదని అంటే ఆక్యుపంక్చర్ సూదులు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఆలస్యమైతే నరాలు శాశ్వతంగా దెబ్బతింటాయి. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి కూడా అంతే. చైనాలోని సంప్రదాయ వైద్య ఆసుపత్రుల్లో రక్త పరీక్షలు, స్కానింగ్ అక్కడే ఉంటాయి. విడిగా చిన్న క్లినిక్ నడిపేవారికి ఆ వసతి ఉండదు కాబట్టి, ఎవరి దగ్గరికి పంపాలో ముందే తెలిసి ఉండాలి.