పుట్టినరోజు కువైట్‌లో, ఓటు కోనసీమలో

ప్రశ్న: మాది మలికిపురం మండలం. తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో పని చేసుకుంటున్నానండి. మొన్న నా పుట్టినరోజు. ఫోన్లోనే దీవించిన నాన్న, ఆ వెంటనే శంకరగుప్తం డ్రెయిన్‌లోకి ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడైపోతున్నాయని చెప్పారు. ఇక్కడికొచ్చాక ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. ఈసారైనా వేసి, ఆ డ్రెయిన్ బాగు చేసేవాళ్ళు రావాలని కోరిక. మా తమ్ముడి చేత నా ఓటు వేయించవచ్చా? ఎంబసీలో వెయ్యొచ్చా? పాత ఓటరు కార్డు ఇంట్లో బీరువాలో ఉంది.
– ఒక పాఠకుడు, కువైట్

జవాబు: తమ్ముడి చేత కుదరదు, ఎంబసీలోనూ కుదరదు. ప్రవాసుల బదులు వేరొకరు ఓటు వేసే వీలు కల్పించే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభలో నెగ్గింది గానీ, రాజ్యసభ గడప దాటకుండానే 2019లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. పోస్టల్ బ్యాలెట్ సైనికులకు, విదేశాల్లోని మన ప్రభుత్వ ఉద్యోగులకు ఉంది గానీ మీకు లేదు. టికెట్ కొనుక్కుని ఊరు రావాల్సిందే.

వచ్చి వేసే హక్కు మాత్రం చట్టంలో ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 20ఏ సెక్షన్ 2011 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. చదువుకో ఉద్యోగానికో బయట ఉంటూ, మరో దేశ పౌరసత్వం తీసుకోనివారు ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. నింపాల్సింది ఫారం 6ఏ. చాలామంది పొరపాటున మామూలు ఫారం 6 నింపేస్తారు. అది ఊళ్ళో కాపురం ఉండేవారిది.

ఫారంతోపాటు కావలసినవి: ఫొటో, పాస్‌పోర్టులో మీ ఫొటో, మన దేశపు చిరునామా ఉన్న పేజీల నకళ్ళు, వీసా ముద్ర ఉన్న పేజీ నకలు. ప్రతి నకలు మీదా మీరే సంతకం చెయ్యాలి. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో పెట్టవచ్చు, లేదా మీ నియోజకవర్గం ఎన్నికల నమోదు అధికారికి పోస్టులో పంపవచ్చు. పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఏ వరసలో ఉంటే అలాగే రాయండి. మనవాళ్ళకి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. పోలింగ్ రోజు పేచీలు పుట్టేది అక్కడే.

అన్నిటికన్నా పెద్ద మెలిక చిరునామా. ఓటు ఎక్కడన్నది మీ మనసు కాదు, పాస్‌పోర్టు చెబుతుంది. హైదరాబాద్‌లో గదిలో ఉంటూ అక్కడి చిరునామాతో పాస్‌పోర్టు తీసుకుని గల్ఫ్ వెళ్ళిపోయిన కోనసీమ కుర్రాళ్ళకి ఓటు హైదరాబాద్‌లోనే వస్తుంది. మలికిపురంలో కావాలంటే ముందు చిరునామా మార్పించుకుని పాస్‌పోర్టు మళ్ళీ తీసుకోవాలి. ఇక పాస్‌పోర్టులో ‘తూర్పు గోదావరి’ అని ఉందని కంగారు పడకండి. 2022 ఏప్రిల్లో జిల్లా కోనసీమగా విడిపోయినా నియోజకవర్గాలు కదల్లేదు, మీది రాజోలే. (అలవాటుగా ‘మా నగరం నియోజకవర్గం’, ‘మా అల్లవరం’ అనే పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ రెండూ 2009 ఎన్నికలకే లేకుండా పోయాయి.)

దరఖాస్తు అందాక బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చి విచారిస్తారు. అమ్మానాన్నలకి ముందే చెప్పి ఉంచండి. ‘అబ్బాయి ఇక్కడ ఉండట్లేదండి’ అని ఊరుకుంటే చిక్కు. ‘కువైట్‌లో పని, ప్రవాస ఓటుకి పెట్టాడు’ అని చెప్పి పాస్‌పోర్టు నకలు చూపించాలి. అభ్యంతరాలకు ఏడు రోజులు గడువు. ఆమోదమైతే మీ పేరు ఆ పోలింగ్ కేంద్రం జాబితా చివర, ప్రవాస ఓటర్ల విభాగంలో ఉంటుంది. మీ ఇంటివాళ్ళ పేర్ల పక్కన వెతికి, లేదని గాభరా పడేవాళ్ళే ఎక్కువ.

బీరువాలో కార్డు సంగతి: దాన్ని ఫారం 6ఏతోపాటు తిరిగి ఇచ్చెయ్యాలి. ప్రవాస ఓటరుకి కార్డు ఇవ్వరు. మామూలు జాబితాలోనూ, ప్రవాస విభాగంలోనూ పేరు ఉంచుకుని ‘చూద్దాంలే’ అనుకోవద్దు. ఫారంలో తప్పుడు ప్రకటనకు ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ ఉన్నాయి. పాత పేరు అసలు ఉందో లేదో కూడా చూసుకోండి. ఊళ్ళో లేరంటూ ఎవరైనా పేరు తీసెయ్యమని ఫారం 7 పెడితే నోటీసు పాత ఇంటికే వెళ్తుంది, మీ చెవిన పడదు.

ఎప్పుడు పెట్టాలి? ఇప్పుడే. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది, మన దగ్గర నామినేషన్ల గడువు ఏప్రిల్ 25, పోలింగ్ మే 13. నామినేషన్ల ఆఖరి రోజు దాటితే జాబితాలో కొత్త పేరు ఎక్కదు. పోలింగ్ తేదీ తెలిశాక చేతిలో ఉండేది రెండు నెలల లోపే. అది సెలవు అడిగి, టికెట్ తీసుకోవడానికే సరిపోతుంది. హైదరాబాద్‌లో దిగాక రైలు, బస్సు దొరకడం సంక్రాంతి నాటిలాగే కష్టం. నర్సాపురం వైపు రైల్లో పాలకొల్లు దిగి చించినాడ వంతెన దాటితే మీ మండలంలోని దిండి వచ్చేస్తుంది. రెండు రోజుల ముందే చేరండి.

బూత్‌లో అసలు పాస్‌పోర్టు చూపాలి. నకలు, ఫోన్లో ఫొటో చెల్లవు. అప్పటికే మీ పేరున ఎవరో వేసేశారంటే గొడవపడి వెనక్కి రావద్దు. టెండర్ ఓటు అడగండి. మీరే అని తేలితే కాగితపు బ్యాలెట్ ఇస్తారు.

డ్రెయిన్ సంగతికి వస్తే, మురుగు కాలువల పూడికతీత, గట్లు, కాలవ నోటి పనులు రాష్ట్ర జలవనరుల శాఖవి. కాబట్టి అడగాల్సింది శాసనసభ అభ్యర్థిని. కోటిపల్లి–నర్సాపురం రైల్వే లైను అయితే ఎంపీ అభ్యర్థిని అడగాలి. ‘బాగు చేస్తాం’ అనే మాటతో సరిపెట్టుకోకండి. సముద్రపు పోటు లోపలికి రాకుండా ఏం కడతారు, పూడిక ఎక్కణ్ణించి ఎక్కడిదాకా తీస్తారు, తీసిన మట్టి ఎక్కడ పోస్తారు – ఈ మూడూ నాన్నగారి చేత అడిగించండి. గట్టు మీదే వదిలేసిన మట్టి తొలి వానకే మళ్ళీ కాలవలోకి జారుతుందని ఆయనకి మనం చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఐర్లండ్‌లో చదువుతోంది. వచ్చే అక్టోబరు 2కి 18 నిండుతాయి. ఆ రోజే ఓటుకి పెట్టాలని దాని సరదా.
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: ఒక్క రోజు తేడాలో మూడు నెలలు పోయాయమ్మా. వయసు లెక్కకి ఏడాదిలో నాలుగు తేదీలు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. అక్టోబరు 1కి మీ అమ్మాయికి 18 నిండవు గనక జనవరి 1 లెక్కలోకి వస్తుంది. ఆమెదీ ఫారం 6ఏనే. చదువు ముగించి ఇంటికొచ్చేశాక ప్రవాస ఓటు తీయించి ఫారం 6 పెట్టుకోవాలి.

ప్రశ్న: అమెరికా పౌరసత్వం తీసుకున్నాను, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. భీమవరంలో ఓటు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: లేదండి. ఓసీఐకి ఓటు హక్కు లేదు. గ్రీన్ కార్డుతో ఆగిన మీ స్నేహితులు భారత పౌరులే గనక, వారికి ఉంది.