అద్దె పింఛనుకు లోబడి ఉండాలి, గది పిన్ని పేరు మీదే ఉండాలి

ప్రశ్న: మా పిన్నికి 63 ఏళ్లు. బాబాయి పోయాక, ఉన్న ఒక్క ఇంటినీ 2021లో కొడుకు పేరు మీద గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది. కిందటి ఏడాది ఆ ఇంట్లోంచి బయటికి రావలసి వచ్చింది. కొన్నాళ్లు బంధువుల ఇళ్లలో, కొన్నాళ్లు గుడి సత్రంలో తలదాచుకుని, ఇప్పుడు విజయవాడలో నిరాశ్రయుల వసతి కేంద్రంలో ఉంటోంది. వితంతు పింఛను 4,000 కోసం నెలనెలా సొంత ఊరికి వెళ్లి వస్తోంది. నేనూ తమ్ముడూ 4 లక్షలు సర్దగలం, ఆపైన నెలకు చెరో వెయ్యి పంపగలం. ఒక ప్రైవేటు వృద్ధాశ్రమం వారు 4 లక్షలు డిపాజిట్ చేస్తే జీవితాంతం చూసుకుంటామంటున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దని నా సలహా. మీ పిన్నిగారు ఒకసారి తన ఆస్తి మొత్తాన్ని ఒక మనిషి మాట మీద వదులుకుని వీధిన పడ్డారు. ఇప్పుడు ఆమె కోసం కూడబెట్టిన మొత్తాన్ని ఒక సంస్థ మాట మీద వదిలితే ఆమె పరిస్థితి మళ్లీ అదే అవుతుంది. తన పని తాను చేసుకోగలిగినంత కాలమే ఉంచుకునే ఆశ్రమాలు చాలా ఉన్నాయి. మంచాన పడితే ఏం చేస్తారో, మధ్యలో బయటికి వస్తే డిపాజిట్‌లో ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాసివ్వని చోట ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

ఆమెకు కావలసింది ఒక చిన్న గది, ఆ గది అద్దె ఎవరి దయ మీదా ఆధారపడకుండా ప్రతి నెలా చెల్లే ఏర్పాటు. ఇందుకు నేను పెట్టే నియమం ఒక్కటే: అద్దె ఆమె పింఛనును దాటకూడదు. మీ ఉద్యోగం పోయినా, తమ్ముడి ఇంట్లో ఖర్చు వచ్చిపడినా, ఆమె గది ఖాళీ చేయవలసిన అవసరం రాకూడదు. శివారులో 3,500 లోపు గది వెతకండి. నేల అంతస్తులో ఉండి, మరుగుదొడ్డికి మెట్లు ఎక్కే పని లేకుంటే, చూడటానికి కాస్త పాతదైనా అదే మంచి గది.

మీ 4 లక్షల్లో 3 లక్షలు పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఆమె పేరున వేయండి. 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 6,150 వస్తుంది, అంటే నెలకు 2,050. పింఛనుతో కలిపి 6,050, మీరిద్దరూ పంపే రెండు వేలతో 8,050. అద్దె పోగా 4,550 మిగులుతుంది. రేషన్ బియ్యం ఉచితమే కాబట్టి పాలు, కూరలు, గ్యాసు, కరెంటు, మాత్రలకు జాగ్రత్తగా వాడుకుంటే సరిపోతుంది. ఈ ఖాతా గడువు అయిదేళ్లు; ఏడాది లోపు మూసేస్తే వడ్డీ దక్కదు. మిగిలిన లక్షలో రెండు నెలల అడ్వాన్సుకు 7,000, స్టవ్, మంచం, వంట సామానుకు 20,000 పోగా, ఆరు నెలల అద్దెకు సరిపడా 21,000 సేవింగ్స్ ఖాతాలో కదపకుండా ఉంచండి. తక్కిన 52,000 వైద్యం కోసం ఆమె పేరునే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. నామినీ ఎవరన్నది ఆమె ఇష్టం.

పన్ను సంగతి ఒక మాట. పిన్నికి అక్క పిల్లలు ఇచ్చే డబ్బు ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో బంధువుల కానుక కాదు, కాబట్టి ఏడాదిలో మొత్తం 50,000 దాటితే అది ఆమె ఆదాయంలో కలుస్తుంది. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉన్నందున ఆమె కట్టవలసిన పన్నేమీ ఉండదు, అయితే ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి. కొంత మార్చి 31కి ముందు, కొంత తర్వాత ఇస్తే ఆ పనీ తప్పుతుంది.

వీటన్నిటికంటే ముందు చూడవలసింది ఆమె ఫోన్ నంబరు. ఇలా ఇల్లు విడిచి వచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌కూ బ్యాంకు ఖాతాకూ కొడుకు నంబరే అనుసంధానమై ఉంటుంది. ఏటీఎం కార్డు కూడా కొడుకు దగ్గరే ఉండిపోతుంది. అలాంటి ఖాతాలో డబ్బు వేస్తే ఆ సందేశం మొదట చేరేది అతనికే. ఆమెకు సొంత సిమ్ తీసుకుని, ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో నంబరు మార్పించి, పాత ఖాతాను వదిలేసి ఆమె ఒక్కరి పేరునే జన్‌ధన్ ఖాతా తెరిపించండి. మీ పేరు కూడా అందులో చేర్చకండి. ఆ తర్వాత సచివాలయంలో రైస్ కార్డును కొడుకు కుటుంబం నుంచి విడదీయమని, పింఛనును విజయవాడకు బదిలీ చేయమని దరఖాస్తు పెట్టండి. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో అంతా కలిపి ఇస్తారు గానీ, మూడో నెలా తీసుకోకపోతే పింఛను ఆగిపోతుంది. కనుక బదిలీ పూర్తయ్యే దాకా ఊరికి వెళ్లి రావడం మానవద్దు. ఈ పనులన్నీ అయ్యే వరకు, అక్కడ ఆమెకు భద్రంగానే ఉంటే, వసతి కేంద్రంలోనే ఉండనివ్వండి.

గది దొరకడం డబ్బు సర్దడం కంటే కష్టం కావచ్చు. ఒంటరి పెద్దావిడకు ఇల్లివ్వడానికి యజమానులు వెనకాడతారు. అద్దె వసూలు కాదేమోనన్న భయం ఒకటైతే, ఆ ఇంట్లో ఆమెకు ఏదైనా జరిగితే ఎలాగన్న భయం అంతకంటే పెద్దది. అద్దె ఇంట్లో శవాన్ని ఉంచనివ్వని పట్టింపు మన దగ్గర ఇంకా పోలేదు. ఆ మాట ఎత్తడానికి మొహమాటపడకండి. ఆసుపత్రి అయినా, అంతకు మించినదైనా, ఏ వేళ కబురు చేసినా బాధ్యత మాదేనని మీరూ తమ్ముడూ సంతకం చేసి, ఫోన్ నంబర్లతో యజమానికి ఇవ్వండి. పదకొండు నెలల ఒప్పందం మాత్రం పిన్నిగారి పేరు మీదే రాయించండి, రసీదులు కూడా ఆమె పేరుతోనే తీసుకోండి. పింఛను ఒకటో తేదీకల్లా ఇంటి దగ్గరే చేతికి వస్తుంది గనుక అద్దె కూడా ఆ రోజే ఆమె చేతులతో ఇచ్చేలా చూడండి.

ఇక ఆ ఇంటి సంగతి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. వృద్ధులకు మేలు జరిగేలా ఈ చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా దస్తావేజులో షరతు రాసి ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం, నకలు తీసి చదివించండి. ఈ ట్రిబ్యునల్‌గా వ్యవహరించే ఆర్డీవో ముందు దరఖాస్తు పెడితే కొడుకు నుంచి నెలకు 10,000 వరకు పోషణ ఖర్చు కూడా అడగవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో దీన్ని తేల్చాలని చట్టం చెబుతోంది. ఆ డబ్బు చేతికందే వరకు దాన్ని పై లెక్కలో చేర్చకండి. కొడుకు మీద దరఖాస్తు పెట్టడానికి ఆమె మనసు ఒప్పకపోతే బలవంతపెట్టవద్దు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఆమె చేతనే ఫోన్ చేయించి, తన మాటల్లో తననే అడగనివ్వండి.