చలికాలం వస్తే చాలు దిగులు, లైట్ బాక్స్ కొనుక్కుంటే సరిపోతుందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, మాది గుంటూరు. బోస్టన్‌లో న్యూరోసైన్స్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. వెలుతురుకీ మూడ్‌కీ సంబంధం మీద ఎలుకలతో పరిశోధన. నవంబరు వస్తే పొద్దున లేవబుద్ధి కాదు, ఎంత పడుకున్నా నిద్ర తీరదు, ధ్యాసంతా అన్నం, స్వీట్ల మీదే, ఊరికే ఏడుపొస్తుంది. పోయినేడూ ఇంతే, మార్చి చివరికి తగ్గింది. ఇదే సబ్జెక్టు చదువుతూ నాకే ఇలా అవడం సిగ్గుగా ఉంది. లైట్ బాక్స్ (పగటి వెలుతురులా గట్టి కాంతినిచ్చే దీపం) కొనుక్కుంటే చాలా?

జవాబు: ముందు ఆ సిగ్గు వదిలేయండమ్మా. షుగర్ డాక్టర్లకీ షుగర్ వస్తుంది. వరసగా రెండేళ్లు ఒకే కాలంలో వచ్చి, పొద్దు పెరిగేసరికి తగ్గుతోందంటే సీజనల్ డిప్రెషన్ అని గట్టిగానే అనుమానించాలి. 1984లో నార్మన్ రోసెంథల్ బృందం ఈ జబ్బుని వివరించినప్పుడు రాసిన లక్షణాల్లో అతినిద్ర, పిండిపదార్థాల మీద యావ కూడా ఉన్నాయి.

నాకు ఎక్కువ బెంగ మీ పనివేళల గురించే. ఎలుక రాత్రిపూట తిరిగే జీవి కాబట్టి చాలా ల్యాబుల్లో వాటి గదికి పగలూ రాత్రీ తారుమారు చేసి పెడతారు, మీదీ అలాంటి గదే అయితే ఉన్న కాస్త పగలూ మసక ఎర్ర లైటు కిందే గడిచిపోతుంది, బయటికొచ్చేసరికి డిసెంబరులో అక్కడ నాలుగుంబావుకే పొద్దు గుంకి ఉంటుంది. కంట్లో మెలనాప్సిన్ ఉన్న కణాలు (మిగతా పాఠకుల కోసం: ఇప్పుడు పగలా రాత్రా అని మెదడుకి చెప్పే కణాలివి) నీలం వెలుతురుకి బాగా స్పందిస్తాయి, ఎర్ర లైటు వాటికి దాదాపు చీకటే. నిద్ర చెడకపోయినా, వెలుతురు వేళలు తప్పితే ఈ కణాల ద్వారానే ఎలుకల్లో దిగులు లక్షణాలు వస్తాయని 2012లో తేలిన సంగతి మీకు తెలిసిందే. మీ గైడ్‌తో మాట్లాడి మధ్యాహ్నం ఒక అరగంటైనా బయట నడవండి. మబ్బు పట్టినా సరే, ఆఫీసు గదిలో మహా అయితే 500 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటే బయట వేలల్లో ఉంటుంది.

లైట్ బాక్స్ పనిచేస్తుంది. 10,000 లక్స్‌ది, యూవీ ఫిల్టర్ ఉన్నది తీసుకుని, లేచిన గంటలోపు అరగంట, కంపెనీ చెప్పినంత దూరంలో పెట్టుకుని టిఫిన్ తింటూ కూర్చోండి, దాన్నే చూస్తూ ఉండక్కర్లేదు. సాయంత్రం మాత్రం వద్దు, నిద్ర పాడవుతుంది. కానీ కొనేముందు ఒకటి గుర్తు తెచ్చుకోండి: నిద్ర లేకపోయినా అలుపు తెలియక, మాటలు ఆగక, చేతికందినంత ఖర్చు పెట్టేసిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (దిగులూ, ఇలాంటి అతి హుషారూ మారిమారి వచ్చే జబ్బు) ఉందా? ఉంటే సొంతంగా మొదలుపెట్టొద్దు, ఆ వెలుతురే మానియాలోకి, అంటే ఆ అతి హుషారులోకి నెట్టవచ్చు. రెటీనా జబ్బున్నా, మొటిమలకి డాక్సీసైక్లిన్ లాంటివి వాడుతున్నా ముందు డాక్టర్‌ని అడగండి.

థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 కూడా చూపించుకోవాలి, ఈ నీరసం వాటివల్లా రావచ్చు. రెండు వారాల్లో తేడా తెలియకపోతే బాక్స్ ముందే కూర్చుని రోజులు గడపొద్దు, కౌన్సెలింగ్ ఉంది, మందులున్నాయి, రెండూ బాగా పనిచేస్తాయి. ఎలాగైనా ఈ వారంలోనే సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే 988కి (ఆత్మహత్య ఆలోచనలొచ్చినవారికి సాయం చేసే హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి, అమెరికాలో ఎక్కడినుంచైనా, ఏ వేళకైనా పలుకుతారు.